పాత సీసా, పన్నెండు గ్లాసులు

నెలనెలా మన వంటిల్లు – చాండ్లర్ నుంచి



పోయిన నెల ఈ ఎండల్లో ఊరగాయలు నిలవ ఉంచుకోవడం గురించి రాశాను కదా. దానికి వచ్చిన మెసేజుల్లో మూడు నాలుగు ఒకే సంగతి అడిగాయి. అదీ గ్రూపులో కాదు, విడిగా. "గృహప్రవేశానికి వచ్చిన వైన్ సీసాలు ప్యాంట్రీలో ఏళ్ళ తరబడి పడున్నాయి. పాతబడే కొద్దీ మంచిదంటారు కదా, ఉంచమంటావా, పారబోయమంటావా?" ఒక చెల్లెలైతే "గ్రూపులో అడుగుదామంటే మా అత్తగారు కూడా ఉన్నారు" అని నవ్వు బొమ్మ పెట్టింది. అత్తగారూ, మీరూ చదవండి. ఇందులో దాచుకోవాల్సిన విషయం ఏమీ లేదు.

ముందే ఒక మాట. తాగని వాళ్ళని తాగించడానికి ఈ నెల కాలమ్ రాయడం లేదు. తాగేవాళ్ళు, ఇంట్లో సీసా ఉన్నవాళ్ళు, నలుగురు కలిసినప్పుడు ఒక గ్లాసు పుచ్చుకునేవాళ్ళు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నేను వంట చేసేదాన్నీ, నర్సునీ కాబట్టి రెండు వైపులా చెబుతాను.

వైన్స్ బోర్డు, వైన్ సీసా

మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు ఉన్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. విస్కీ, బ్రాందీ, బీరు, పక్కన పల్లీల పొట్లం. ఆ కొట్టు ముందునుంచి ఆడపిల్లలు తల దించుకుని త్వరత్వరగా నడిచిపోయేవాళ్ళు. అందుకే ఇక్కడి మన అమ్మాయి ఫోన్లో "వైన్ తెచ్చుకున్నాం" అంటే అక్కడ అమ్మ గుండె జారుతుంది. ఆమె తప్పేం లేదు. ఆవిడ చూసిన వైన్స్ అది.

తెలుగు ఆడవాళ్ళకి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, మాట్లాడుకుంటూ, 1992లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనలో నలభై దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. మొగుడి కూలి డబ్బులు ఇల్లు చేరకముందే కరిగిపోతుంటే, పిల్లలు పస్తులుంటే, తన్నులు తింటూ విసిగిపోయిన ఆడవాళ్ళు చేసిన పోరాటం అది.

మరి ఆ ఆడవాళ్ళ కూతుళ్ళం, మనవరాళ్ళం, ఇక్కడ కూర్చుని పాత వైన్ గురించి మాట్లాడుకోవచ్చా? మాట్లాడుకోవచ్చనే నా అభిప్రాయం. కాకపోతే వాళ్ళు నేర్పిన రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇంట్లోకి సీసా వస్తే దాని లెక్క ఇంటావిడ చేతిలో ఉండాలి. ఎవరి బలవంతమూ ఉండకూడదు. ఈ నెల చెప్పేవన్నీ ఆ రెండిటి చుట్టూనే తిరుగుతాయి.

రోటి పచ్చడా, మాగాయా?

పాతబడితే అన్ని వైన్లూ బాగుంటాయన్నది అపోహ. మన వంటింట్లోకే రండి. మాగాయ ఏడాది దాటినా బాగుంటుంది. ఉసిరికాయ పచ్చడి ఏళ్ళు గడిచే కొద్దీ నల్లబడి, జ్వరం పడి లేచినవాళ్ళకి పథ్యంగా పెట్టేదిగా మారుతుంది. పథ్యానికి పాత చింతపండే వాడమనేవాళ్ళు పెద్దవాళ్ళు. పాత బియ్యం ఒదుగుతుంది. అదే టమాటా రోటి పచ్చడి మర్నాటికి ఉంచితే ఏమవుతుంది?

వైన్ కూడా అంతే. కొట్లో కనిపించే సీసాల్లో చాలావరకు రోటి పచ్చడి జాతి. కొన్న ఏడాది రెండేళ్ళలో తాగేయడానికే చేస్తారు. మాగాయ జాతి కొన్నే. మాగాయని నిలబెట్టేవి ఉప్పు, కారం, నూనె అయితే, వైన్‌ని నిలబెట్టేవి నాలుగు: పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్. వీటిలో ఒకటి రెండైనా గట్టిగా ఉంటే ఆ సీసా ఏళ్ళు తట్టుకుంటుంది.

వగరు అంటే పచ్చి అరటికాయ కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అదే. ఇంగ్లీషు వాళ్ళు టానిన్ అంటారు. ద్రాక్ష తొక్కలోంచీ, గింజలోంచీ, చెక్క పీపాలోంచీ వస్తుంది. ఏళ్ళు గడిచే కొద్దీ ఈ వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి సీసా అడుక్కి మడ్డిగా దిగుతాయి. అందుకే పాత ఎర్ర వైన్ నాలుకకి మెత్తగా తగులుతుంది, రంగు కూడా వంకాయ రంగు నుంచి ఇటుక రంగులోకి మారుతుంది. తాజా పండు వాసన తగ్గి ఎండు ఖర్జూరం, తోలు, తడి మట్టి, పొగాకు లాంటి వాసనలు పైకి వస్తాయి. కొందరికి అది అద్భుతం, కొందరికి "ఇదేంటి, పాత బీరువా తెరిచినట్టుంది" అనిపిస్తుంది. రెండూ నిజమే. నచ్చకపోతే నచ్చలేదని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

మన చాండ్లర్ ఎండలో

ఇప్పుడు ప్యాంట్రీలో సీసాల సంగతి. వైన్ ఎక్కువ కాలం నిలవాలంటే 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే ఇంచుమించు 13 సెల్సియస్, చీకట్లో, కదలకుండా పడుకోబెట్టి ఉంచాలి. మన సంగతి చూడండి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు దాటింది. 2024లో వరసగా 113 రోజులు వంద తగ్గలేదు. ఇంట్లో ఏసీ 78 మీద ఉంటుంది. ఆ వేడికి వైన్ పాడైపోదు గానీ చాలా తొందరగా ముసలిదైపోతుంది. గరాజ్‌లో పెడితే ఒక్క వేసవికే ఉడికిపోతుంది.

ఇంకో సంగతి మనవాళ్ళకే ప్రత్యేకం. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని రెండు నెలలు ఇండియా వెళ్తూ ఏసీ 85కో 88కో పెట్టి పోతాం కదా. ఆ రెండు నెలల్లో ప్యాంట్రీలో ఉన్న సీసా గతి ఏమిటో ఆలోచించండి. వెళ్ళేముందు మంచి సీసాలు ఫ్రిజ్‌లో పడేసి వెళ్ళండి. ఫ్రిజ్ ఆదర్శం కాదు, లోపల గాలి మరీ పొడిగా ఉంటుంది, కానీ రెండు మూడు నెలలకి ఏమీ కాదు. నిజంగా ఏళ్ళ తరబడి దాచాలనుకుంటే చిన్న వైన్ కూలర్ కొనుక్కోవాలి. అంత పని ఎందుకనుకుంటే దాచకండి, తెరిచేయండి.

సీసా పాడైందో లేదో తెరవకుండానే కొంత తెలుస్తుంది. కార్క్ పైకి తన్నుకొచ్చి ఉందా? మూత చుట్టూ జిగటగా కారిన మరక ఉందా? సీసాలో మట్టం మెడ కిందికి దిగిపోయిందా? తెల్ల వైన్ టీ డికాక్షన్ రంగులోకి వచ్చిందా? వీటిలో ఏది కనిపించినా ఆశ తగ్గించుకోండి. తెరిచాక తడి అట్టపెట్టె, తడి గోనెసంచి వాసన కొడితే అది కార్క్ నుంచి వచ్చిన లోపం, మీ తప్పు కాదు. ఉడికించిన జామ్‌లా చప్పగా ఉంటే అది ఎండ పని. పుల్లగా ముక్కు అదిరితే వెనిగర్ అయిపోతోందన్నమాట. ఏదైనా విషం మాత్రం కాదు, భయపడకండి. రుచి పోయింది, అంతే.

ఒకావిడ పదేళ్ళ కిందటి పదిహేను డాలర్ల తెల్ల వైన్ "పిల్ల పెళ్ళికి తెరుద్దాం" అని దాచింది. ఆ పిల్ల ఇప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో ఉంది. ఈ వారాంతమే తెరిచి చూడమ్మా.

ఊరికో పద్ధతి

పాత వైన్ రుచి చూడాలంటే మనమే ఏళ్ళ తరబడి దాచక్కర్లేదు. కొన్ని దేశాల్లో ఆ పని వాళ్ళే చేసి అమ్ముతారు.

స్పెయిన్‌లో రియోహా అనే ప్రాంతం ఉంది. అక్కడి సీసా మీద 'గ్రాన్ రిజర్వా' అని ఉంటే కనీసం 5 ఏళ్ళు వాళ్ళ దగ్గరే ఉండి వచ్చిందని అర్థం. అందులో కనీసం 2 ఏళ్ళు చెక్క పీపాలో. 'రిజర్వా' అంటే 3 ఏళ్ళు. పాత పద్ధతిలో అమెరికా ఓక్ చెక్క పీపాలు వాడతారు కాబట్టి కొబ్బరికోరు, వెనీలా వాసన వస్తుంది. మన వేటమాంసం కూర పక్కన బాగా ఇముడుతుంది. మొదటిసారి పాత వైన్ రుచి చూసేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. ధర కూడా మరీ బెదిరించదు.

ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలో. ఇది పచ్చిగా ఉన్నప్పుడు వగరు ఎంతంటే వక్కపలుకులు నమిలినట్టే. కనీసం 38 నెలలు ఆగాకే అమ్మనిస్తారు, ఆ తర్వాత కూడా పదేళ్ళు ఆగగలదు. గులాబీ వాసన, దానితోపాటు ఎండలో కరిగిన తారు వాసన అంటారు. మన చాండ్లర్ రోడ్ల మీద జూలైలో నడిచినవాళ్ళకి ఆ రెండోది కొత్త కాదు.

జర్మనీలో మోజెల్ నది ఒడ్డు రీస్లింగ్. తెల్లది, పుల్లగా, చాలావాటిలో కాస్త తియ్యగా ఉంటుంది. ఆల్కహాల్ కూడా తక్కువ, కొన్నిటిలో 8 శాతమే. పాతబడితే దీనికి ఒక విచిత్రమైన వాసన వస్తుంది, అచ్చం కిరసనాయిలు. పంపు స్టవ్ ముందు పెరిగినవాళ్ళు గుర్తుపట్టేస్తారు. తియ్యదనం ఉన్నది కాబట్టి మన కారానికి ఇదే నప్పుతుంది. కారం తిన్న నోటికి వగరు ఎర్ర వైన్ తగిలితే మంట రెట్టింపవుతుంది. గోంగూర మాంసం, గుంటూరు కోడి వేపుడు చేసిన రోజు బరోలో తెరవకండి, డబ్బు దండగ.

పోర్చుగల్‌లో డోరో లోయ నుంచి వచ్చే టానీ పోర్ట్ తియ్యటిది, 20 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద 10, 20, 30, 40 అని ఏళ్ళు వేస్తారు. పీపాల్లో ఏళ్ళ తరబడి ఉండి బెల్లం పాకం, వాల్‌నట్ వాసన తెచ్చుకుంటుంది. బొబ్బట్లు, సున్నుండలు, కాకినాడ కాజా పక్కన అర ఔన్స్ పోసి చూడండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు దాకా ఉంటుంది.

ఇక మన ఎడారి వాళ్ళ కోసమే పుట్టినట్టుండేది మదీరా. అదే పోర్చుగల్‌కి చెందిన ద్వీపం పేరు. వెనకటికి ఓడల్లో పీపాలు ఉష్ణమండలం దాటి వెళ్ళొచ్చేవి. ఓడ అడుగున వేడికి ఉడికిపోయిన వైన్ పాడవుతుందనుకుంటే ఇంకా రుచిగా తిరిగొచ్చింది. అందుకని ఇప్పుడు కావాలనే వేడి చేస్తారు. మామూలు రకాల్ని తొట్లలో 45 నుంచి 50 సెల్సియస్ దగ్గర మూడు నెలలు ఉంచుతారు. మేలు రకాల్ని వేడిగా ఉండే అటకల మీద ఏళ్ళ తరబడి పీపాల్లో వదిలేస్తారు. మన గరాజ్ లాంటి వేడిని ముందే చూసొచ్చిందన్నమాట! తెరిచిన సీసా నెలల తరబడి నిలుస్తుంది. అరిసెలతో బాగుంటుంది, నా మాట నమ్మండి.

మన దగ్గరి ద్రాక్ష

అరిజోనాలో వైన్ ఏంటని ఆశ్చర్యపోతారు. మన లోయలో వేడి ఎక్కువగానీ, కాస్త ఎత్తుకి వెళ్తే వేరే లోకం. ప్రభుత్వం గుర్తించిన ద్రాక్ష ప్రాంతాలు మన రాష్ట్రంలో మూడున్నాయి. సొనోయిటాకి 1984లో, విల్‌కాక్స్‌కి 2016లో, వెర్డే వ్యాలీకి 2021లో గుర్తింపు వచ్చింది. సొనోయిటాలో 1970లలో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా నేల శాస్త్రవేత్త గార్డన్ డట్ ద్రాక్ష వేసి చూపించడంతో ఇదంతా ఊపందుకుంది. ఇవాళ రాష్ట్రంలో వైన్ ద్రాక్షలో పెద్ద భాగం విల్‌కాక్స్ నుంచే వస్తుంది. పిల్లల్ని ఆపిళ్ళు, పీచ్‌లు కోయించడానికి ఆపిల్ ఆనీస్ తోటకి తీసుకెళ్తామే, అదే ఊరు. నాలుగు వేల అడుగుల ఎత్తు కాబట్టి పగలు ఎండ, రాత్రి చలి. ఆ చలి వల్లే ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. పులుపు నిలిస్తేనే వైన్ నిలుస్తుందని పైన చెప్పుకున్నాం కదా.

వేసవిలో అక్కడినుంచి కొని తెచ్చుకుంటే డిక్కీలో వదిలేయకండి. ఐస్ ప్యాక్‌లు వేసిన కూలర్ పట్టుకెళ్ళండి. దారిలో టూసాన్‌లో భోజనానికి ఆగిన గంటలోనే పని అయిపోతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి పందిరి ద్రాక్ష తోటలు గుర్తొచ్చే ఉంటాయి. అనాబ్-ఎ-షాహీ అనే పొడుగాటి లేత రంగు ద్రాక్షకి హైదరాబాద్ ఒకప్పుడు పెట్టింది పేరు. నీళ్ళు తగ్గి, ఊరు పెరిగి, ఆ తోటలు చాలా చోట్ల ఇళ్ళ స్థలాలయ్యాయి. అది తినడానికి పండించిన పండు. పెద్ద గింజ, నీరు ఎక్కువ. నిలవుండే వైన్‌కి చిన్న పండు, మందపాటి తొక్క కావాలి. ఆ రకాలు తర్వాత మహారాష్ట్రలో నాసిక్‌లో, కర్ణాటకలో నంది కొండల దగ్గర, అంటే మన తెలుగువాళ్ళు బాగా ఉండే చిక్కబళ్ళాపురం వైపు, వేశారు. గ్రోవర్ వాళ్ళు 1988లో అక్కడ మొదలుపెట్టారు. సూలా మొదటి వైన్లు 2000లో నాసిక్ నుంచి వచ్చాయి. ఇండియా వెళ్ళినప్పుడు గ్రోవర్ వాళ్ళ లా రెజెర్వ్ దొరికితే ఒకటి తెచ్చుకోవచ్చు. అమెరికాలో దిగేటప్పుడు 21 దాటినవాళ్ళకి ఒక లీటరు దాకా సుంకం ఉండదు. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టండి. చీరలు పట్టువి కాకుండా చూసుకోండి.

ఒక సీసాకి పన్నెండు మంది

మా చాండ్లర్ ఆడవాళ్ళం రెండు మూడు నెలలకోసారి కలిసినప్పుడు పాటించే పద్ధతి చెబుతాను, మీకు నచ్చితే మీరూ చేయండి.

సీసా 750 మిల్లీలీటర్లు. గ్లాసుకి 60 చొప్పున పోస్తే పన్నెండు మందికి సరిపోతుంది. అరవై డాలర్ల సీసా కొన్నా మనిషికి ఐదు డాలర్లే. ఒక్కరూ అంత ఖర్చు పెట్టక్కర్లేదు, ఒక్కరూ మొత్తం తాగక్కర్లేదు. ఒక సాయంత్రానికి రెండు సీసాలు, అంతకు మించి తెరవం. తియ్యటి పోర్ట్, మదీరాలైతే 30 చాలు. కొలత గ్లాసు బల్ల మీదే ఉంటుంది, కంటికి అందాజు లేదు. చిన్నప్పుడు అమ్మ దగ్గు మందు కొలిచి పోసినట్టే.

పాత సీసా అయితే ముందురోజే నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. పాత కార్క్ విరుగుతుంది, తొందరపడకుండా తిప్పండి. విరిగి లోపల పడితే టీ జల్లెడ ఉందిగా. పోసేటప్పుడు సీసా మెడ కింద ఫోన్ టార్చ్ వేసుకుని, చారు మీద తేట వంచినట్టు నిదానంగా వంచండి. మడ్డి కదలడం కనిపించగానే ఆపేయండి. మరీ పాతదైతే తెరిచిన అరగంట గంటలోపే రుచి చూడాలి, ఆలస్యం చేస్తే వాసన ఎగిరిపోతుంది.

తెచ్చినావిడ ఆ ఊరి గురించి రెండు ముక్కలు చెబుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏ వాసన వచ్చిందో చెబుతారు. ఒకరు కరక్కాయ అంటారు, ఒకరు దేవుడి గదిలో ఆరిపోయిన అగరొత్తి అంటారు, ఒకరు మా తాతయ్య తోలు చెప్పులు అంటారు. వైన్ పుస్తకాల్లో ఉండే బ్లాక్‌బెర్రీలు, గూస్‌బెర్రీలు మనం తిని పెరగలేదు కదా, మన ముక్కుకి మన మాటలే వస్తాయి. ఆ కబుర్లలోనే పెళ్ళిళ్ళు, గ్రీన్ కార్డులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ దొర్లుతాయి. నిజం చెప్పాలంటే వైన్ ఒక వంక.

ఒక నియమం మాత్రం గట్టిది. తాగని ఆవిణ్ణి "ఎందుకు?" అని ఎవరూ అడగకూడదు. కడుపుతో ఉందేమో, ఇంకా ఎవరికీ చెప్పలేదేమో. మందులు వాడుతోందేమో. మొక్కుందేమో. ఇంట్లో తాగుడు వల్ల నలిగిన మనిషేమో. "ఒక్క చుక్కే కదా" అనడం కూడా బలవంతమే. అదే అందమైన గ్లాసులో దానిమ్మ రసమో, అల్లం నిమ్మరసమో పోసి అదే వరసలో పెట్టండి. మనలో ఎవరింట్లోనైనా సీసా చూస్తే గాయం రేగుతుందని తెలిస్తే, ఆ నెల కాఫీతో కానిచ్చేయండి. దూబగుంట వాళ్ళ మనవరాళ్ళం, మనకి ఒకరు చెప్పాలా?

నర్సుగా నాలుగు మాటలు

రోజూ ఒక గ్లాసు ఎర్ర వైన్ గుండెకి మంచిదని ఇంకా ఫార్వర్డులు వస్తూనే ఉన్నాయి. దయచేసి ముందుకి పంపకండి. ఆరోగ్యం కోసం వైన్ మొదలుపెట్టమని ఇవాళ ఏ డాక్టరూ చెప్పరు. ఇంత వరకూ క్షేమం అని గీత గీయగల పరిమాణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. ఆల్కహాల్‌కీ కనీసం ఏడు రకాల క్యాన్సర్లకీ సంబంధం ఉందని అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో హెచ్చరిక ఇచ్చారు. అందులో రొమ్ము క్యాన్సర్ ఒకటి. పాత వైన్ అయినా, ఖరీదైన వైన్ అయినా లోపలి ఆల్కహాల్ అదే. ఇది సరదా, మందు కాదు. అప్పుడప్పుడూ కొంచెం అన్నది అందుకే.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్ర మాత్రలు, ఆందోళన మాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వేసుకునేవాళ్ళు అసలు కలపకండి. మెట్రోనిడజోల్ కోర్సు నడుస్తుంటే, అది అయ్యాక కూడా మూడు రోజులు, ముట్టుకోకండి. రక్తం పల్చబడే వార్ఫరిన్, లివర్ సమస్య, ఫిట్స్ మందులు ఉంటే ముందు మీ డాక్టర్ని అడగండి. గర్భిణులకి ఒక్క చుక్క కూడా వద్దు. పాలిచ్చే తల్లి ఒక డ్రింక్ తీసుకుంటే రెండు గంటలైనా ఆగి పాలివ్వాలి. ఆస్తమా ఉన్నవాళ్ళకి కొందరికి వైన్‌లో సల్ఫైట్లు పడవు.

డ్రింక్ అంటే ఇక్కడి లెక్కలో 12 శాతం వైన్ 5 ఔన్సులు. మన 60 మిల్లీలీటర్ల గ్లాసులు ఇంచుమించు రెండున్నర. 14 శాతం వైన్ అయితే రెండే.

నైట్ డ్యూటీలు చేసే చెల్లెళ్ళకి ప్రత్యేకంగా. పగలు నిద్ర పట్టడానికి గ్లాసు అలవాటు చేసుకోకండి. ఆల్కహాల్‌తో నిద్ర త్వరగా పడుతుంది గానీ మధ్యలో తెగిపోతుంది, లేచాక ఇంకా నీరసం. పిల్లలు స్కూలుకి వెళ్ళాక, ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా, రోజూ చేయి సీసా మీదకి పోతోందంటే అది రుచి కోసం కాదు. నాకు రాయండి, లేదా 1-800-662-4357కి ఫోన్ చేయండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది. మన ఆడవాళ్ళలో ఇది లేదనుకోవడం మన పిచ్చి.

ఇంటికెళ్ళే దారి

ఇది అన్నిటికంటే ముఖ్యం, చివరి దాకా చదవండి. అరిజోనాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 దాటితేనే కేసు అనుకుంటే పొరపాటు. నడపడంలో రవ్వంత తేడా కనిపించినా కేసు పెట్టొచ్చని ఇక్కడి చట్టం. మొదటిసారి నేరం రుజువైనా శిక్ష పది రోజుల జైలు. జడ్జి చాలావరకు మాఫీ చేసినా కనీసం ఒక రోజు తప్పదు. తెరిచిన సీసా కారులో మనుషులు కూర్చునే చోట ఉండకూడదు. మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళాలంటే డిక్కీలోనే.

హెచ్1, హెచ్4 మీద ఉన్నవాళ్ళకి ఇంకో దెబ్బ. కోర్టు తీర్పు రాకముందే, అరెస్టు అయిందన్న సమాచారంతోనే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయగలదు. ఇక్కడ ఉన్నంతసేపు వెంటనే వెళ్ళిపొమ్మనకపోవచ్చు. ఇండియాలో అమ్మకి బాగాలేదని పరిగెత్తి వెళ్తే మాత్రం, తిరిగి రావడానికి కొత్త వీసా, ప్రత్యేక వైద్య పరీక్ష, ఎన్ని నెలలో తెలియని ఎదురుచూపు. పదిహేనేళ్ళు కట్టుకున్న ఇల్లు రెండు గ్లాసులకి కదిలిపోతుంది.

కాబట్టి సీసా తెరవకముందే ఎవరు ఎలా ఇంటికెళ్తారో తేల్చుకోండి. మా పద్ధతిలో ఆ రోజు తాగని ఇద్దరు కార్లు నడుపుతారు. మిగతావాళ్ళు భర్తనో, పెద్ద పిల్లనో పిలిపించుకుంటారు. మన చాండ్లర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. తమంతట తామే నడిచే వేమో కార్లని మామూలు జనం మొదట ఎక్కింది ఈ చుట్టుపక్కలే, 2017లో ప్రయోగంగా, 2018 డిసెంబరు నుంచి డబ్బు తీసుకుని. ఊళ్ళో అత్తయ్యలు నమ్మరు గానీ, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంటే వెనక సీట్లో కూర్చుని ఇంటికి చేరిపోవచ్చు.

సరే, ఇక మీ వంతు. ఈ వారం ప్యాంట్రీ తెరిచి సీసాలు బయటికి తీయండి. కార్క్ చూడండి, మట్టం చూడండి, ఏ ఊరిదో చదవండి. లేబుల్ ఫొటో గ్రూపులో పెట్టండి, ఉంచాలో తెరవాలో కలిసి చూద్దాం. విడిగా పెట్టాలనిపిస్తే విడిగానే పెట్టండి, పేరు బయటికి రాదు.

వచ్చే నెల పాత చింతపండు, కొత్త చింతపండు. కూరలో తేడా ఏమిటి, అమెరికా ఫ్రిజ్‌లో ఎన్నేళ్ళు ఉంచొచ్చు. అత్తయ్యలూ, మీ దగ్గర చిట్కాలుంటే ఆడియో మెసేజ్ పెట్టండి, నేను రాసుకుంటాను.

ఉంటాను మరి.